ఉత్పన్నం కాని ప్రశ్న

పందొమ్మిది వందల ఎనభై ఆరులో, కలకత్తా నగరంలో, పోలిరాజు అనే మనిషి ఏకకాలంలో మూడు చోట్ల ఉన్నాడు. గంగ ఒడ్డున కాటి రిజిస్టరులో పదకొండేళ్ళ కిందటే బూడిదైపోయినవాడుగా ఉన్నాడు. ఒక జైల్లో విచారణ ఖైదీగా ఉన్నాడు. ఆ రెండూ చాలనట్టు, రోజూ పొద్దున్నే రేవులో హాజరు పలికి ఓడల్లోంచి బస్తాలు దించుతున్నాడు. పురాణాల్లో ఇలాంటివి దేవుళ్ళకి చెల్లాయి. వాట్‌గంజ్ కూలీ లైన్లో ఇది కార్డు మహిమ.

కార్డంటే రేవులో ఖాయం కూలీకి ఇచ్చే అట్టముక్క. దానికి తోడు నంబరు కొట్టిన ఇత్తడి బిళ్ళ. ఆ రెండూ ఉన్నవాడికి రోజూ పని ఉంటుంది, లైన్లో గది ఉంటుంది, జ్వరమొస్తే మందుంటుంది. లేనివాడు గేటు బయట నిలబడి ఏ మేస్త్రి కన్నయినా తన మీద పడుతుందేమోనని మెడ సాచాలి. శ్రీకాకుళం సముద్రపొడ్డు నుంచి వచ్చినవాళ్ళు మూడు తరాలుగా బరువులు మోసి తెలుసుకున్న ధర్మసూక్ష్మం ఒకటే: మనిషి పోవచ్చు, కార్డు పోకూడదు. అన్న చచ్చిపోతే తమ్ముడు ఆ బిళ్ళ మొలకి కట్టుకుని హాజరుకి వెళ్తాడు. అన్న పేరు పిలిస్తే పలుకుతాడు. రేవువాళ్ళకి నంబరు కావాలి గానీ, నంబరు వెనక మొహం ఎవరిదైతేనేం.

డెబ్భై అయిదు వానాకాలంలో పోలిరాజు వాంతులూ విరేచనాలతో రెండు రోజుల్లో పోయాడు. అతని తమ్ముడు బైరాగి ఆ పేరు తొడుక్కున్నాడు. ఏడేళ్ళు తొడుక్కుని తిరిగాడు. ఎనభై రెండు చలికాలంలో ఒక గూడ్సు యార్డుకి సరుకు ఎక్కించడానికి పంపితే, అక్కడ పంచదార బస్తాలు తగ్గాయని కాపలావాళ్ళు దొరికిన ఏడుగురినీ పట్టుకుపోయారు. పేరేమిటన్నారు. బైరాగి ఏడేళ్ళుగా పగలంతా చెబుతున్న పేరే చెప్పాడు. మిగతా ఆరుగురూ వారం తిరక్కుండా జామీను మీద బయటికొచ్చారు. బైరాగి రాలేదు.

ఎందుకు రాలేదో బైరాగి పెళ్ళాం దాలమ్మకి బాగా తెలుసు. మేస్త్రి గురవయ్య ఆమె గుమ్మంలో గొంతుక్కూర్చుని చెప్పాడు.

"జామీనంతే వకీలొత్తాడు. వకీలొత్తే కాయితాలడుగుతాడు. రేవు ఆపీసుకెల్తాడు. పోలిరాజు పేరు మీద సూత్తే అన్న సచ్చినాడని తేల్తాది. మన లైన్లో ఇరవై మంది సచ్చినోళ్ళ బిళ్ళల మీద బతుకుతున్నారు, దాలమ్మా. నీ మొగుడి కోసం తవ్వితే అందరి పునాదులూ కదుల్తాయి. మూణ్ణెల్లు ఓపిక పట్టు. ఆళ్ళే ఒగ్గేత్తారు."

దాలమ్మ ఓపిక పట్టింది. ఊర్నించి ఆమె తమ్ముడు సోములు దిగి, బిళ్ళ మొలకి కట్టుకుని మూడో పోలిరాజు అయ్యాడు. మూణ్ణెల్లు మూడేళ్ళయ్యాయి. కోర్టువాళ్ళు తేదీ వేస్తారు, ఆ తేదీకి పై తేదీ వేస్తారు. జడ్జీ మారాడు, ఫైలు ఒక భవనం నుంచి ఇంకో భవనానికి మారి ఎక్కడో ఆగింది. పాడాలో, అంటే పేటలో, ఉన్న పార్టీ ఆఫీసుకి వెళ్తే ఎర్రజెండా కింద కూర్చున్న దాదా టీ ఇప్పించి "దేఖ్‌బో" అన్నాడు. అంటే చూస్తామని. ఆయన చూస్తూనే ఉన్నాడు.

దాలమ్మ తెలుగు సంఘం హాలూ, దాని పక్కన గ్రంథాలయం గదీ ఊడ్చేది. ఆదివారాలు అక్కడికి శ్రీనివాస రావు అనే ముసలాయన వచ్చేవాడు. ఢిల్లీలో పార్లమెంటు కాగితాలు అచ్చయ్యే చోట ముప్పై ఏళ్ళు ప్రూఫులు దిద్ది, రిటైరై, కూతురి దగ్గర సాల్ట్ లేక్‌లో ఉంటున్నాడు. అచ్చుతప్పులు దిద్దుతూ దిద్దుతూ ఆ కాగితాల రుచి పట్టాడు. కొందరికి పేకాట పిచ్చి ఉన్నట్టు ఆయనకి ప్రశ్నోత్తరాల పిచ్చి.

"నీకు తెలియదమ్మా, సభలో ప్రశ్నలడిగే ఆ గంట సేపు మంత్రి అనేవాడు బళ్ళో కుర్రాడు" అనేవాడు చీపురుకి దారిస్తూ కాళ్ళు పైకెత్తి. "చుక్క గుర్తున్న ప్రశ్నకి నోటితో జవాబు చెప్పాలి. చుక్క లేనిదానికి రాతమూలకంగా చెప్పాలి. చెప్పకుండా పోవడానికి మాత్రం వీల్లేదు."

ఒక ఆదివారం దాలమ్మ చీపురు గోడకి ఆనించింది. "జైల్లో ఉన్న మనిసిని ఎందుకుంచినారని అడగొచ్చా, బావూ?"

వెనకటి రాజులు కోట గుమ్మానికి ధర్మగంట కట్టించేవారట. దూడని పోగొట్టుకున్న ఆవు కూడా వచ్చి ఆ తాడు లాగిందని చెప్పుకుంటాం. ఆవుకి ఉన్న సౌకర్యం ఏమిటంటే దాన్నెవరూ పేరు అడగరు. శ్రీనివాస రావు కళ్ళజోడు పెట్టుకుని, కలం తీసి, మొట్టమొదట అడిగింది అదే. "నీ భర్త పేరు?"

దాలమ్మ తల తిప్పుకుంది.

ఇక్కడొక సంగతి చెప్పాలి. మొగుడి పేరు నోట పలకడం ఆ లైన్లో ఆడవాళ్ళకి లేదు. బావగారి పేరు అసలే లేదు. దాలమ్మ పక్కగది జగ్గమ్మ మొగుడు ఆదినారాయణ. అందుకని జగ్గమ్మ ముప్పై ఏళ్ళుగా ఆదివారాన్ని 'సెలవురోజు' అంటోంది. జనాభా లెక్కలకి వచ్చిన బెంగాలీ గుమాస్తాలకి ఈ వీధంటే హడలు. ఈ గది మొగుడి పేరు పక్క గదిలోనూ, పక్క గది మొగుడి పేరు ఈ గదిలోనూ అడిగి, చివరికి ఎవరి మొగుడు ఎవరో తెలియక చెమటలు తుడుచుకుంటూ పోయేవారు.

వాడుక ప్రకారం దాలమ్మ, నీళ్ళు పట్టుకొచ్చిన జగ్గమ్మ వైపు చూసింది. జగ్గమ్మ నీళ్ళు నమలకుండా "బైరాగి" అంది. శ్రీనివాస రావు రాసుకున్నాడు. దాలమ్మ మళ్ళీ చీపురు అందుకుంది. జైల్లో రాసుకున్న పేరు అది కాదు. ఆ రెండో పేరు బయటపెడితే కార్డు బయటపడుతుంది. పైగా అది బావగారి పేరు. లోకమంతా పిలిచే పేరే కదా, అదే చాల్లెమ్మని ఊరుకుంది.

ఉత్తరం శ్రీకాకుళం వైపు ఎంపీ ఒకాయనకి వెళ్ళింది. ఆయన మంచివాడు, అడిగాడు. చుక్క రాలేదు. రెండు నెలలకి అచ్చుకాగితం వచ్చింది. శ్రీనివాస రావు దాన్ని రెండుసార్లు తనలో చదువుకుని, గొంతు సవరించుకుని తెలుగులో చెప్పాడు.

"'అ: బైరాగి అనే రేవు కూలీ మూడేళ్ళుగా విచారణ లేకుండా నిర్బంధంలో ఉన్న మాట నిజమేనా' అని మనం అడిగాం. జవాబు: 'కాదండీ. రాష్ట్ర ప్రభుత్వం అందించిన సమాచారం ప్రకారం ఆ పేరుగల ఖైదీ ఏ జైల్లోనూ లేడు.' 'ఆ: అయితే కారణాలేమిటి.' 'ఇ: తీసుకున్న చర్యలేమిటి.' ఆ రెంటికీ కలిపి, 'ప్రశ్న ఉత్పన్నం కాదు.'"

"ఉత్పన్నమంతే ఏటి?"

"అంటే, ఆ ప్రశ్న పుట్టనే పుట్టదని."

"మనిసే నేడంతే ప్రశ్నెలాగ పుడతాది" అంది దాలమ్మ. "ఆళ్ళు అబద్దం సెప్పనేదు బావూ. మనమే సెప్పినాం."

ఆ మధ్యాహ్నం గ్రంథాలయం తలుపు దగ్గరగా వేసి, కార్డు కథంతా ఆయనకి చెప్పింది. పేర్లు పలక్కుండానే చెప్పింది. మా బావ, మా ఇంటాయన, మా తమ్ముడు. అచ్చుతప్పులు పట్టడంలో ఆరితేరిన మనిషి నోరు తెరుచుకుని విన్నాడు.

"అయితే ఇప్పుడు పేరు మార్చి మళ్ళీ అడిగితే నీ కార్డు పోతుంది. అడక్కపోతే ఆయన అక్కడే ఉంటాడు. అడకత్తెరలో పోకచెక్క" అన్నాడు. తర్వాత మెల్లిగా, "దొంగతనం రుజువైనా అంత చిన్నదానికి మూడేళ్ళకి మించి వెయ్యరమ్మా. ఆయన శిక్ష పడకుండానే శిక్ష పూర్తి చేసేశాడు."

దాలమ్మకి అప్పటిదాకా ఆ లెక్క తెలియదు. మూడేళ్ళన్న మాట చెవిన పడ్డాక ఆమెలో ఓపిక అనేది మిగల్లేదు.

మర్నాడు కాటికి వెళ్ళింది. గుమాస్తా పాత రిజిస్టర్ల బీరువా తెరవడానికి మొదట బద్ధకించాడు. "ఇన్నేళ్ళ తర్వాత ఎందుకు దీదీ?" అన్నాడు. "ఆయన సచ్చినట్టు ఎవులూ నమ్మడం నేదు" అంది దాలమ్మ తనకొచ్చిన బెంగాలీలో. గుమాస్తా ఆ జవాబుకే లేచి వెతికాడు. చెదలు తినగా మిగిలిన పేజీలో పోలిరాజు చక్కగా, తండ్రి పేరుతో సహా, చచ్చిపోయి ఉన్నాడు. ఆ వేళ కట్టెల హడావుడిలో ఎవరో నిజమే రాయించారు. ఆ తర్వాతే గురవయ్య, ఆ కాగితం జోలికి పోవద్దన్నాడు. దాలమ్మ నకలు రాయించి ముద్ర వేయించుకుంది.

ఆ ముద్ర చూసి గురవయ్య ముఖం పాలిపోయింది.

"నా కొంప తీత్తావేటే? పదకొండేళ్ళు పోలిరాజుకి హాజరేసినోణ్ణి నాను."

"నువ్వు బిళ్ళ సూసి ఏసినావు మావా. మొకం సూసి ఏసినానని ఎక్కడా రాయనేదు కదా. అదే సెప్పు."

"కార్డిచ్చేత్తే రేపు ఏటి తింతావు? గది కాలీ సెయ్యమంతారు. నీ తమ్ముడు గేటు బయట నిలబడతాడు. పైనించి మిగతా ఇరవై మంది..."

"మిగతా కార్డుల ఊసు నా నోట రాదు. రంపంతో కోసినా రాదు. నా ఇంట్లో ఉన్న కార్డు నా ఇట్టం."

"నీ మొగుడు అడిగినాడేటి ఇలగ సెయ్యమని?"

దాలమ్మ కాగితం మడిచి చెంగున ముడేసుకుంది. మొగుడు అడగలేదు. అడిగితే వద్దంటాడని ఆమెకి తెలుసు.

సోములు మాత్రం అడ్డు చెప్పలేదు. మొల నుంచి బిళ్ళ విప్పి అక్క చేతిలో పెట్టి, "మోసి మోసి బావ పేరు నాకు ఒరుసుకుపోతన్నాది అప్పా, తీసుకో" అన్నాడు. మూడో రోజుకల్లా గంగ దాటి షాలిమార్‌లో రోజుకూలీకి కుదిరాడు, తన సొంత పేరు మీద.

రేవు ఆఫీసులో దాలమ్మ కార్డూ బిళ్ళా కాటి కాగితమూ బల్ల మీద పెట్టి, మా బావ చనిపోయాడు, అప్పజెబుతున్నాను అంది. గుమాస్తా చావు తేదీ చూశాడు. హాజరు పుస్తకం చూశాడు. మళ్ళీ తేదీ చూశాడు. ఆమెని చూశాడు. చివరికి, "ఇంకొంచెం ముందు చెప్పాల్సింది" అన్నాడు.

గురవయ్యని మూడు వారాలు పక్కన పెట్టి విచారణ జరిపారు. బిళ్ళ చూసి వేశానన్నాడు. ఆ మాట కాదనాలంటే మిగతా మేస్త్రీలందర్నీ అడగాలి, మేస్త్రీలందర్నీ అడిగితే రేవు ఆగాలి. విచారణ అక్కడ ముగిసింది. మిగతా ఇరవై మంది బిళ్ళలూ ఎవరి మొలకి వాళ్ళవి ఉన్నాయి. కానీ ఆ మూడు వారాలూ కుళాయి దగ్గర దాలమ్మ బిందెని ఎవరో ఒకరు వరస చివరికి జరిపేవారు. ఆమె మళ్ళీ తెచ్చి ముందు పెట్టుకునేది. మళ్ళీ జరిపేవారు. నీళ్ళు ఆగిపోయేలోగా ఎప్పుడో పట్టుకుని వెళ్ళేది తప్ప, ఒక్క మాట తూలలేదు. మూడు నెలల్లో గది ఖాళీ చెయ్యమని నోటీసొచ్చింది.

ఇక ఎంపీ. మళ్ళీ అడగమని శ్రీనివాస రావు రాసిన రెండో ఉత్తరానికి ఆయన జవాబివ్వలేదు. లేని మనిషి కోసం ప్రశ్న వేయించారని ఆయనకి కోపం. అయితే ఆ చైత్రంలో తెలుగు సంఘం వార్షికోత్సవానికి ఆయనే అతిథి. దండలయ్యాక వెనకగదిలో ఆయన కాఫీ తాగుతుంటే శ్రీనివాస రావు దాలమ్మని ముందుకి తోశాడు. వెనక జగ్గమ్మ.

"ఓహో, నువ్వేనా అమ్మా" అన్నాడు ఎంపీ. "సభలో నన్ను నవ్వులపాలు చేసింది?"

"జైల్లో మనిసి ఉన్నాడు బావూ. పేరే నేదు."

"పేరు లేని మనిషుంటాడా? సరిగ్గా చెప్పు. ఎవరు లోపలున్నది?"

అలవాటుగా జగ్గమ్మ నోరు తెరవబోయింది. దాలమ్మ చెయ్యి అడ్డం పెట్టి ఆపింది.

"పోలిరాజు మా బావ" అంది. "సచ్చిపోయి పదకొండేళ్ళు. కాటి కాయితం ఇదిగో. జైల్లో ఉన్నది బైరాగి. మా ఇంటాయన. అన్న కార్డు మీద పని సేసి, అన్న పేరు మీద జైలుకెల్లినాడు. కార్డు ఇచ్చేసినాం. ఇంక దాయడానికి ఏటీ నేదు."

జగ్గమ్మ చెంగు నోటికి అడ్డం పెట్టుకుని గోడ వైపు తిరిగింది. ఎంపీ కాగితం తీసుకుని కప్పు కింద పెట్టాడు.

"ఇది అడిగితే నీ మీద కేసు పెడతారేమో."

"ఎట్టనీండి. నా పేరు మీదే కదా ఎట్టాల. నా పేరైతే ఉన్నాది."

ఆయన కాసేపు కాగితం తిరగేశాడు. "కోర్టులో ఉన్న వ్యవహారం మీద ప్రశ్న చెల్లదండీ" అన్నాడు శ్రీనివాస రావుతో.

"కోర్టులో ఉంటే మీదాకా ఎందుకొస్తామండీ? వాయిదాలే తప్ప ఇప్పటిదాకా ఛార్జిషీటే వెయ్యలేదు. కోర్టులో లేదనే మన గోల" అన్నాడు ముసలాయన, ముప్పై ఏళ్ళుగా ఈ క్షణం కోసమే ప్రూఫులు దిద్దినవాడిలా. జేబులోంచి తీసిన కాగితం మీద ప్రశ్న సిద్ధంగా ఉంది. వెయ్యిన్నొకటి చదివిన మనిషి కనక ఎక్కడా సందు లేకుండా కట్టాడు. అ: పందొమ్మిది వందల డెబ్భై అయిదులో మరణించినట్టు కాటి రిజిస్టరులో నమోదైన పోలిరాజు అనే రేవు కూలీ, ఎనభై రెండు నుంచి విచారణ ఖైదీగా ఉన్న మాట నిజమేనా, ఆ: నిజమైతే, ఆ పేరు కింద నిర్బంధంలో ఉన్న వ్యక్తి ఎవరు, ఇ: ఆ నేరానికి పడగల గరిష్ఠ శిక్షని మించి అతన్ని ఉంచడానికి కారణాలేమిటి, ఈ: ఇలాంటివారు దేశంలో ఇంకెందరున్నారు?

ఎంపీ చదివి, నవ్వబోయి, మానేశాడు. మడిచి జేబులో పెట్టుకున్నాడు.

ఈసారి ఢిల్లీలో చీట్లు తీస్తే చుక్క వచ్చింది. పదిహేడో నంబరు. ఏడో ప్రశ్న దగ్గరే గంట అయిపోయింది.

"రేసన్ సాపులాగే ఉన్నాది" అంది దాలమ్మ. "మన నంబరొచ్చేసరికి షట్టరు దించేత్తారు."

"దించినా రాతమూలకంగా ఇవ్వక తప్పదు" అని శ్రీనివాస రావు కాగితం చూపించాడు. నాలుగింటికీ కలిపి ఒకే జవాబు: సమాచారం సేకరించి సభ ముందు ఉంచుతాం. దాలమ్మ నిట్టూర్చబోతే ఆయన వేలు ఊపాడు. "కాదు కాదు, ఇది మాట ఇచ్చినట్టు. మంత్రులిచ్చిన మాటల పట్టీ పట్టుకుని వెంటబడడానికి అక్కడొక కమిటీ ఉంది. మొదటిసారి 'ఉత్పన్నం కాదు' అన్నారు. ఈసారి పుట్టిందని ఒప్పుకున్నారు."

పుట్టిన ప్రశ్న ఢిల్లీ నుంచి బయల్దేరి రాష్ట్ర సచివాలయానికీ, అక్కణ్ణించి జైలుకీ వచ్చింది. జైలు అధికారి బైరాగిని పిలిపించాడు. నువ్వెవరు అన్నాడు. ఢిల్లీ నుంచి దొరలు తన కార్డు కోసం వెతుకుతున్నారని బైరాగి హడలిపోయాడు. పోలిరాజుని అన్నాడు. మళ్ళీ అడిగారు. పోలిరాజునే అన్నాడు.

ఈ సంగతి ములాకాత్ రోజున జాలీకి అవతల నుంచి అతనే గొప్పగా చెప్పాడు. "ఎంతడిగినా సెప్పనేదు. కార్డు కాపాడినాను."

దాలమ్మ జాలీ రెండు చేతుల్తో పట్టుకుంది. అటూ ఇటూ ఇరవై మంది ఒకేసారి కేకలేస్తున్నారు. "కార్డు నేదు" అంది.

"ఏటి?"

"ఇచ్చేసినాను. బావ సచ్చినట్టు రాయించేసినాను. సోములు షాలిమార్‌లో ఉన్నాడు. గది కాలీ సేత్తన్నాం."

నాలుగేళ్ళు పళ్ళ బిగువున దాచుకున్నది పెళ్ళాం బల్ల మీద పెట్టి వచ్చేసింది. అతను వెనక్కి తిరిగి గోడ వైపు చూస్తూ నిలబడ్డాడు. ఆమె ఆ వీపుకే చెప్పింది.

"ఈ సారి అడిగితే నీ పేరు సెప్పు. నీ కోసరం కాదు. డిల్లీలో నాను అడిగిన ప్రశ్నకి నువ్వే అబద్దం సెప్తే నాకు మరి అడగడానికి సోటు నేదు."

వార్డరు జాలీ మీద కర్రతో కొట్టాడు, టైమయిపోయిందని. బైరాగి తిరిగి చూడకుండానే లోపలికి వెళ్ళిపోయాడు. దాలమ్మ ట్రాము ఎక్కకుండా వాట్‌గంజ్ దాకా నడిచింది. ఏడవలేదు. వారం తర్వాత మళ్ళీ వెళ్తే, ములాకాత్ చీటీ రాసే గుమాస్తా పోలిరాజు పేరు కొట్టేసి, పైన ఇంకో పేరు రాయడం చూసింది. చదవడం రాకపోయినా, కొట్టేసిన గీత ఆమెకి అర్థమైంది.

తర్వాత జరిగింది కాగితాల పని. పోలిరాజు అనబడే బైరాగిని సొంత పూచీ మీద విడిచిపెట్టమని కోర్టు చెప్పడానికి ఇంకో అయిదు నెలలు పట్టింది. ఢిల్లీలో సభ ముందు ఉంచిన కాగితంలో, గరిష్ఠ శిక్ష మించిపోయినా విచారణలోనే ఉన్నవాళ్ళు ఇంకా ఉన్నారని ఒప్పుకుని ఒక అంకె వేశారు. అది తక్కువ వేశారని శ్రీనివాస రావు అనుమానం. అప్పటికే ఇంకో ప్రశ్న రాయడం మొదలెట్టాడు.

బైరాగి బయటికొచ్చిన రోజు ఎండ మండిపోతోంది. దాలమ్మ గేటు దగ్గర ఉంది. ఇద్దరూ పక్కపక్కన నడిచారు. అతను చాలా సన్నబడ్డాడు. లైనుకి వెళ్ళే మలుపు దగ్గర అతను తిరగబోతే ఆమె తిన్నగా పోయింది.

"ఇల్లు ఇటు కదా?"

"ఆ గది మనది కాదు. ఖిద్దిర్‌పూర్‌లో జగ్గమ్మ సుట్టాల సావిట్లో ఉంటన్నాం. ఇప్పుడు ఇంటికి కాదు. రేసన్ ఆపీసుకి."

"రేపెల్లొచ్చు కదే. ఆకలేత్తన్నాది."

"రేపు నాకు పని. ఇంకో రెండిళ్ళు ఒప్పుకున్నాను. ఇయ్యాలే ఎల్లాల. కోర్టు కాయితం మీద నీ పేరు ఇప్పుడున్నాది. ఇంకెక్కడా నేదు. రేసన్ కార్డులో ఎక్కించాల."

రేషన్ ఆఫీసు దగ్గర వరస గుమ్మం దాటి పేవ్‌మెంటు మీదకి వచ్చింది. గుమాస్తా భోజనానికి వెళ్ళాడు. బైరాగి వరస చివర నిలబడ్డాడు. నాలుగేళ్ళుగా వరసల్లో నిలబడిన మనిషి కనక తిన్నగా, ముందువాడి వీపు చూస్తూ నిలబడ్డాడు. దాలమ్మ చెంగులో మూట విప్పి బొరుగులు అతని దోసిట్లో పోసింది.

"తిను. గంటలో తెరుత్తారు" అంది. "తెరవకపోతే ఎందుకు తెరవనేదని అడుగుదాం."